స్కాన్ తీసే చేతి పనితనం

కంటి ఆసుపత్రుల్లో ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ) స్కాన్ తీసే టెక్నీషియన్ నైపుణ్యానికి దక్కాల్సినంత గౌరవం దక్కడం లేదు. 1991లో లోకానికి పరిచయమైన ఈ పద్ధతి, లోపలినుంచి తిరిగొచ్చే కాంతిని కొలిచి రెటీనా పొరలను కొద్ది మైక్రాన్ల తేడాతో విడదీసి చూపుతుంది. మధుమేహంతో రెటీనా నడిమి భాగమైన మాక్యులాలో నీరు చేరిందా, కంటిలోకి ఇచ్చిన ఇంజెక్షన్‌తో ఆ వాపు తగ్గిందా, గ్లకోమాలో నరాల పొర పలచబడుతోందా అన్నది తేల్చడంలో డాక్టరుకు ఈ చిత్రాలే పెద్ద ఆధారం.

అంతా యంత్రమే చేస్తుంటే మనిషి గొప్పేముంది అని అడగవచ్చు. కానీ యంత్రం తన ముందున్న కంటిని ఉన్నది ఉన్నట్టే కొలుస్తుంది. కన్నీటి పొర ఆరినా, శుక్లం అడ్డొచ్చినా సిగ్నల్ బలహీనపడుతుంది. సాఫ్ట్‌వేర్ పొరల హద్దులను తప్పుగా గీస్తుంది. లేని జబ్బు రిపోర్టులో హెచ్చరికగా ఎర్ర రంగులో కనబడవచ్చు, ఉన్నది దాగిపోవచ్చు. ‘‘గడ్డం ఇక్కడ ఆనించండి పెద్దమ్మా, ఒకసారి రెప్ప వేసి ఆ వెలుగునే చూడండి’’ అని ఓపిగ్గా చెప్పి, నాణ్యత చాలకపోతే మళ్లీ తీసే మనిషే ఆ పొరపాటును ఆపగలరు. రోగ నిర్ధారణ డాక్టరుదే, నిజమే. అయితే నిరుటి స్కాన్‌తో నేటిదాన్ని పోల్చాలంటే రెండూ రెటీనాలో ఒకే చోట, సమానమైన నాణ్యతతో తీసినవై ఉండాలి. ఆ భరోసా ఇచ్చే టెక్నీషియన్ శ్రద్ధను వైద్యంలో భాగంగానే లెక్కించాలి.