కింది అంచు

డాక్సీసైక్లిన్ చీటీ చూడగానే అనుభవం ఉన్న మందుల షాపు మనిషి రెండు మాటలు చెప్తాడు. గ్లాసు నిండా నీళ్లతో వేసుకోండి, వేసుకున్న వెంటనే పడుకోకండి. దానికి అన్న వరసైన టెట్రాసైక్లిన్ రోజుల్లో మూడో మాట కూడా ఉండేది: పాలతో మాత్రం వద్దు. ఏ మాత్రనైనా పాలతోనే మింగించే ఇంట్లో పెరిగినవాణ్ణి గనక ఆ మూడో మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఒంటికి మంచి చేసే పాలు మందుకు ఎందుకు అడ్డం పడతాయి?

జవాబు తెలిశాక ఆ మందు పనితనం మీద నాకు గౌరవం పుట్టింది. పాలలోని కాల్షియాన్ని టెట్రాసైక్లిన్ గట్టిగా పట్టుకుంటుంది. అలా జంటకట్టాక పేగు గోడ దాటి రక్తంలోకి సరిగా వెళ్లలేదు. ఐరన్ మాత్రలతోనూ, కడుపు మంటకు తాగే యాంటాసిడ్‌తోనూ ఇదే ఇబ్బంది. అలాగని లోహాన్ని పట్టుకునే ఈ గుణం లోపమనుకోకూడదు. ఆ మందు బలమంతా ఆ పట్టులోనే ఉంది.

టెట్రా అంటే నాలుగు. ఆరు మూలల వలయాలు నాలుగు, ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని పొట్టి పట్టీలా ఉంటాయి. ఈ పట్టీకి చీరకున్నట్టే రెండు అంచులు. కింది అంచు పొడుగునా ఆక్సిజన్ పరమాణువులు వరుసగా కూర్చుని ఉంటాయి. మెగ్నీషియం, కాల్షియం, ఇనుము లాంటి లోహాలు వచ్చి చిక్కుకునేది అక్కడే. పై అంచు అలా కాదు, అక్కడ మార్పులకు చోటుంది. ఈ రెండు అంచుల తేడా గుర్తుంచుకుంటే ఈ మందు కథంతా అర్థమవుతుంది.

బ్యాక్టీరియా బతకాలంటే గడియ గడియకూ ప్రోటీన్లు తయారు చేసుకోవాలి. ఆ పని చేసేది రైబోజోము. జన్యువు పంపిన రాతను చదువుతూ, అమైనో ఆమ్లాలను పూసల్లా ఒక్కొక్కటే గుచ్చుతుంది. పూసను మోసుకొచ్చేది ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ. అది వచ్చి కూర్చోవడానికి రైబోజోములో ఒక పీట ఉంది. టెట్రాసైక్లిన్ ఆ పీట దగ్గర చేరుతుంది. దాని కింది అంచు ఒక మెగ్నీషియం అయానును పట్టుకుంటుంది, ఆ అయాను ద్వారా రైబోజోము ఆర్‌ఎన్‌ఏను అంటిపెట్టుకుంటుంది. పూస తెచ్చినవాడికి పీట దొరకదు, వెనక్కి పోతాడు. మళ్లీ వస్తాడు, మళ్లీ పోతాడు. దండ ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. ఈ దృశ్యం పరమాణువుల స్థాయిలో మనకు కనిపించింది 2000లో. ఆ చిత్రాలు తీసిన బృందాల్లో ఒకటి చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌ది. రైబోజోము నిర్మాణం మీద చేసిన పనికే ఆయనకు 2009లో నోబెల్ వచ్చింది.

ఇందులో నాకు నచ్చింది దాని నిదానం. పెన్సిలిన్ బ్యాక్టీరియా గోడ కట్టుబడిని చెడగొట్టి పగిలిపోయేలా చేస్తుంది. టెట్రాసైక్లిన్ మామూలుగా చంపదు, పెరగనివ్వదు. మిగతా పని మన ఒంట్లోని రక్షణ కణాలది. మన రైబోజోముల నిర్మాణం వేరు గనక మామూలు మోతాదులో వాటి జోలికి పెద్దగా పోదు. పైగా బ్యాక్టీరియా ఈ మందును తన లోపలికి పోగుచేసుకుంటుంది, మన కణాలు అంతగా చేసుకోవు. అయినా మన కణాల్లో దాక్కుని పెరిగే క్రిములను పట్టుకోగలిగినంత మేర లోపలికి వెళ్తుంది. తెలుగు జిల్లాల్లో ఇప్పుడు తరచూ వినిపిస్తున్న స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ మొదటి మందు కావడానికి కారణం ఇదే.

ఈ పనివాణ్ణి మట్టిలోంచి పైకి తీసినవాళ్లు మనకు తెలియనివాళ్లు కారు. 1945లో అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయం వాళ్ల శాన్‌బార్న్ ఫీల్డ్ నుంచి కాస్త మట్టి లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లింది. 1888 నుంచి సాగు ప్రయోగాలు నడుస్తున్న పొలం అది. డెబ్బై ఏళ్లు దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ ఆ మట్టిలో బంగారు పసుపు రంగు తేలే ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. అది చేసే మందుకు బంగారం పేరే పెట్టారు, ఆరియోమైసిన్ అని. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి బిడ్డ. అప్పుడు లెడర్లీలో పరిశోధనకు డైరెక్టర్ 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మందు సంగతి 1948 జూలైలో ప్రకటించారు. ఆగస్టులో, 53 ఏళ్లకే, ఆయన పోయారు.

సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరిని రోజుల తేడాలో స్ప్రూ అనే పేగు జబ్బు పొట్టనబెట్టుకుంది. ఆయనను కూడా అది మంచాన పడేసింది. ఉష్ణదేశాల్లో వచ్చే ఆ జబ్బుకు తర్వాత స్థిరపడిన వైద్యం రెండు మందులను నెలల తరబడి ఇవ్వడం. ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండోది టెట్రాసైక్లిన్. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది, ఆరియోమైసిన్‌ను వెలికితీసింది ఆయన నడిపిన లెడర్లీ బృందాలే. ఈ రెండు మాత్రల పేర్లు ఒకే చీటీలో చూసినప్పుడల్లా నాకు ఆ ఇల్లు గుర్తొస్తుంది.

రోగి మీద ఈ మందు వేసే ముద్రలూ ఆ కింది అంచువే. పెరిగే ఎముకలో, గట్టిపడుతున్న పంటిలో కాల్షియం ఉంటుంది. దాన్ని టెట్రాసైక్లిన్ పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. పళ్లు ఏర్పడే వయసులో తాగిన పిల్లలకు పసుపు చారలు పడ్డాయి, వెలుతురు తగిలిన కొద్దీ అవి గోధుమరంగుకు తిరిగాయి. అందుకే ఎనిమిదేళ్లలోపు పిల్లలకూ గర్భిణులకూ టెట్రాసైక్లిన్ వద్దన్నారు. ఎండ తగిలితే చర్మం కమిలిపోవడం, పేగులోని మంచి బ్యాక్టీరియా కూడా దెబ్బతిని విరేచనాలు కావడం వేరే దారిలో వచ్చే బాధలు. డాక్సీసైక్లిన్ మాత్ర అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడే పుండు పడుతుంది. షాపులో చెప్పిన నీళ్ల మాట అందుకు.

ఎముకను పట్టుకుంటే ఎంతకాలం ఉంటుందో సూడాన్‌లో తేలింది. ప్రాచీన నూబియాలో సుమారు క్రీ.శ. 350-550 మధ్య బతికినవాళ్ల ఎముకలు అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా మెరిశాయి. 1980లో దాన్ని టెట్రాసైక్లిన్‌గా గుర్తించారు. ధాన్యంతో కాచిన బీరులో మట్టి సూక్ష్మజీవి పెరిగి, తాగినవాళ్ల ఎముకల్లోకి మందు చేరిందని పరిశోధకుల ఊహ. పదిహేను వందల ఏళ్లు గడిచినా పట్టు వదల్లేదు.

ఇక ఎదుటి పక్షం పనితనం. దీన్ని తక్కువ చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. టెట్రాసైక్లిన్‌ను బయటికి తోసే పంపు ఒకటి బ్యాక్టీరియా పొరలో ఉంటుందని బోస్టన్‌లో స్టూవర్ట్ లెవీ బృందం 1980లో చూపించింది. ఒక ప్రోటాన్‌ను లోపలికి రానిచ్చి, మెగ్నీషియంతో జంటకట్టిన మందును బయటికి గెంటుతుంది. పంపు ఊరికే ఎక్కువైతే బ్యాక్టీరియాకే చేటు. అందుకని ఆ జన్యువు మీద ఒక కాపలా ప్రోటీన్ కూర్చుని ఉంటుంది. మందు లోపలికి రాగానే అది కాపలా ప్రోటీన్‌కు అతుక్కుంటుంది, వెంటనే కాపలా లేచిపోతుంది, పంపులు తయారవుతాయి. ఆ కాపలా ప్రోటీన్ మందును రైబోజోముకన్నా సుమారు వెయ్యి రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి మందు పీట దగ్గరికి చేరి పని ఆపేంత పోగుకాకముందే కబురు అందుతుంది. పనిముట్టును ఇంత పొదుపుగా వాడే యంత్రం మనిషి చేసినవాటిలో నేను ఎక్కువ చూడలేదు. మరికొన్ని బ్యాక్టీరియా వేరే ప్రోటీన్ పంపి, పీట దగ్గర చేరిన మందును లేపి పంపేస్తాయి.

ఈ విద్య కొత్తది కాదు. మందు చేసే మట్టి సూక్ష్మజీవులకు తమ మందు నుంచి తమను కాపాడుకోవడం ఎప్పటి నుంచో తెలుసు. దాన్ని ఊరూరా పంచింది మనం. ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పి తిన్న కోళ్లు త్వరగా బరువెక్కాయని లెడర్లీలోనే గమనించారు. ఆపై మందు దాణాలోకి దిగింది. లెవీ 1970లలో బోస్టన్ దగ్గరి ఒక పొలంలో కోళ్లకు అలాంటి దాణా పెట్టి చూశాడు. వారం తిరిగేసరికి వాటి పేగుల్లోని ఈ.కోలై దాదాపు అంతా మందుకు లొంగనిదైంది. ఐదారు నెలల్లో ఆ ఇంటి మనుషుల్లోనూ అలాంటి బ్యాక్టీరియా కనిపించింది. వాళ్లు మందు మింగలేదు. ఆ లెక్కలు చదివినప్పుడు కలిగిన బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

రసాయన శాస్త్రవేత్తలూ ఊరుకోలేదు. ఆరియోమైసిన్ పై అంచులోని క్లోరిన్‌ను ఫైజర్‌లో లాయిడ్ కనోవర్ తీసేస్తే టెట్రాసైక్లిన్ వచ్చింది. అదే అంచులో కొద్ది మార్పులతో డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్. పై అంచుకే ఒక పొడుగాటి తోక తగిలించి చేసిన టైగీసైక్లిన్‌కు అమెరికాలో 2005లో అనుమతి దొరికింది. ఆ తోక వల్ల పాత పంపులు దాన్ని సరిగా పట్టుకోలేవు, పీట దగ్గరి నుంచి లేపడమూ కష్టం. యాభై ఏళ్లకు పైగా ఇన్ని చేతులు మారినా ఈ మందులు చేసినవాళ్లు కింది అంచు జోలికి పోలేదు. అది చెడితే మందే లేదని వాళ్లకు తెలుసు.

2019లో చైనా నుంచి వచ్చిన పరిశోధనలు టెట్‌ఎక్స్ అనే ఎంజైము కొత్త రూపాలను చూపించాయి. పశువుల్లోనూ మనుషుల్లోనూ దొరికిన బ్యాక్టీరియాలో, ఒకదాని నుంచి మరొకదానికి దాటే ప్లాస్మిడ్ అనే డీఎన్‌ఏ ముక్క మీదే వాటి జన్యువులు ఉన్నాయి. ఆ ఎంజైము టైగీసైక్లిన్ తోక జోలికి పోదు. లోహాన్ని పట్టుకునే కింది అంచు పక్కనే ఒక ఆక్సిజన్‌ను అతికిస్తుంది. ఇక మెగ్నీషియం అక్కడ నిలవదు.