స్ట్రాంగ్ కాంకార్డెన్సు, గ్రీకు భాషాభ్యాసం: ఒక విమర్శనాత్మక పరిశీలన

"మూలభాషలో ఈ మాటకు అర్థమేమనగా" అని బోధకుడు చెప్పినప్పుడు సంఘము ప్రశ్నింపక అంగీకరిస్తుంది. సరిచూచుకొనే సాధనము విశ్వాసుల చేతిలో ఉండదు. కాబట్టి ఆ అర్థమును మనము ఎక్కడి నుండి తెచ్చామన్నది వాక్యపరిచారకుని యథార్థతకు సంబంధించిన విషయం. మనలో అనేకులు దానిని తెచ్చేది స్ట్రాంగ్ కాంకార్డెన్సు నుండి. గ్రీకు నేర్చుకొనడానికి ఆ గ్రంథము ఎంతవరకు ఉపకరిస్తుందో పరిశీలించుటే ఈ వ్యాసము ఉద్దేశము.

1. గ్రంథము చేసిన మేలు, దాని పరిమితి

అమెరికాలోని డ్రూ సెమినరీ ఆచార్యుడైన జేమ్స్ స్ట్రాంగ్ 1890లో దీనిని ప్రచురించాడు. కింగ్ జేమ్స్ బైబిలులోని ఇంగ్లీషు మాటలకు వచనములు చూపి, మూలపదములకు సంఖ్యలు ఇచ్చాడు. గ్రీకు అక్షరములు రానివాడు కూడ ఆ సంఖ్య పట్టుకొని మూలపదమును చేరగలడు. ఇది గొప్ప సేవ. అయితే సంఖ్య పదమును చూపుతుందే గాని భాషను నేర్పదు. వచనములో ఆ పదము ఏ విభక్తిలో ఉన్నదో, దేనితో అన్వయిస్తుందో అది చెప్పదు.

'ఎక్లేసియా' సంఖ్య 1577. దాని వ్యుత్పత్తిగా 1537 (ఎక్, అనగా లోనుండి), 2564 (కలెయో, అనగా పిలుచు) చూపబడినవి. అంతవరకే చదివి, "సంఘము అను మాటకు లోకములో నుండి పిలువబడినవారు అని అర్థము" అని నేనును అనేక సంవత్సరములు బోధించాను. కాని అపొ. కార్యములు 19:32, 39, 41 వచనములలోను ఇదే మాట ఉన్నది. ఎఫెసు నాటకశాలలో కేకలు వేసిన గుంపునకు, పట్టణపు క్రమమైన సభకు కూడ లూకా ఆ మాటే వాడాడు. కూడివచ్చిన సభ అనేదే దాని వాడుక అర్థము. దేవుడు మనలను చీకటిలో నుండి పిలిచెననుట సత్యమే. దానిని 1 పేతురు 2:9 నుండి బోధింపవచ్చును, పదము వ్యుత్పత్తి నుండి కాదు. జేమ్స్ బార్ 1961లోనే ఈ పొరపాటును గూర్చి హెచ్చరించాడు.

ఈ తప్పు స్ట్రాంగుది మాత్రమే కాదు. ప్రజల కూటము అనే అర్థమును ఆయన అక్కడే ఇచ్చాడు. మనమే మొదటి మాట దగ్గర ఆగిపోయాము. అయితే గ్రంథము అమరికలోనూ ఒక చిక్కు ఉన్నది. అది ఇంగ్లీషు మాటల క్రమములో ఉన్నందున 'చర్చ్' క్రింద వెదికినవానికి ఎఫెసు సభ కనబడదు. అది 'అసెంబ్లీ' క్రింద ఉన్నది.

2. మన చేతిలోనే ఉన్న సాధనము

గ్రీకు వ్యాకరణములను మనము ఇంగ్లీషు ద్వారా చదువుతాము. విభక్తి ప్రత్యయములు దాదాపు లేని ఇంగ్లీషు విద్యార్థికి చాలా పుటలలో వివరింపవలసినది తెలుగు విద్యార్థికి 'దేవుడు, దేవునికి' అనగానే బోధపడుతుంది.

మత్తయి 28:19 చూడండి. "గ్రీకులో 'వెళ్లుడి' అనే ఆజ్ఞ లేదు, కాబట్టి వెళ్లుట ముఖ్యము కాదు" అని కొందరు బోధిస్తారు. అక్కడ ఉన్న 'పొరెయుథెంతెస్' మన 'వెళ్లి' వంటి అసమాపక క్రియ. "వెళ్లి నీళ్లు తెమ్ము" అని తల్లి చెబితే, వెళ్లనక్కరలేదని ఏ తెలుగు బిడ్డా అనుకొనదు. ప్రధాన ఆజ్ఞ శిష్యులను చేయుట. వెళ్లుట ఆ ఆజ్ఞలో ఇమిడియున్నది.

అయితే తెలుగు అన్నిచోట్ల సరిపోదు. మనము, మేము అనే భేదము గ్రీకులో లేదు. అక్కడ సందర్భమే ఆధారము.

3. అభ్యాస క్రమము

క్రొత్త నిబంధనలో 50 సార్లకు పైగా వచ్చే పదములు సుమారు 310. అవి వచ్చినవానికి గ్రంథములోని మాటలలో దాదాపు ఐదింట నాలుగు వంతులు తెలిసినట్లే. బ్రూస్ మెట్జర్ 1946లో ప్రచురించిన పదావళి ఈ క్రమములోనే కూర్చబడినది. దినమునకు మూడు పదములు చీటీల మీద వ్రాసుకొని, సులభమైన 1 యోహాను పత్రికలో రెండేసి వచనములు బిగ్గరగా చదివిన పాస్టరు నాలుగు నెలలలో ఆ పదములను ముగించగలడు. సందేహము కలిగిన పదమునకు మొదట సందర్భము, తరువాత ఆ పదము వచ్చిన ఇతర వచనములు, చివరనే నిఘంటువు చూడవలెను. కంప్యూటరులో, సెల్‌ఫోనులో సంఖ్యతో వెదికితే ఆ వచనములన్నియు ఒకేచోట దొరుకుతాయి. స్ట్రాంగ్ శ్రమకు నిజమైన ఫలము అదే.

ముగింపు

స్ట్రాంగ్ గ్రంథమును పారవేయనక్కరలేదు. దానిని నిఘంటువుగా గాక కాంకార్డెన్సుగా వాడుదము. సరిచూడని గ్రీకు మాట కంటె, సరిగా చదివిన తెలుగు వచనమే సంఘమునకు క్షేమము.