అర్ధరాత్రి అద్దంలో పెళ్లికొడుకు

ఒక చేతిలో కొవ్వొత్తి, మరో చేతిలో అద్దం. ఆ అద్దంలో అమ్మాయి ముఖంతో పాటు, ఆమె భుజం వెనక నుంచి తొంగిచూస్తున్న ఓ యువకుడి ముఖం. పక్కన నల్లపిల్లి, నవ్వుతున్న గుమ్మడికాయ దీపం. 1905 - 1915 మధ్య అమెరికాలో ఒక సెంటు స్టాంపు అంటించి పంపుకున్న హాలోవీన్ కార్డుల మీద ఈ బొమ్మ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. హాలోవీన్ అనగానే ఇవాళ మనకు తట్టేది దెయ్యాల వేషాలు, మిఠాయిల కోసం తలుపులు తట్టే పిల్లలు. ఆ కార్డులు చూస్తే మాత్రం, అక్టోబరు 31 రాత్రి ఒకప్పుడు పెళ్లీడు పిల్లల రాత్రి అని అర్థమవుతుంది.

ఆ రాత్రి కాబోయే జీవిత భాగస్వామి ఎవరో తెలుస్తుందన్న నమ్మకాలు స్కాట్లండ్, ఐర్లండ్‌ల నుంచి వలస వచ్చినవాళ్లతో సముద్రం దాటాయి. ఆపిల్ తొక్కను తెగకుండా ఒకే తీగలా చెక్కి ఎడమ భుజం మీదుగా విసిరితే, నేల మీద అది ఏ అక్షరంలా పడితే కాబోయే భర్త పేరు ఆ అక్షరంతో మొదలవుతుంది. పొయ్యి దగ్గర రెండు గింజలు పెట్టి ఒకదానికి తన పేరు, మరొకదానికి మనసులో ఉన్నవాడి పేరు పెట్టుకుంటారు. రెండూ పక్కపక్కనే నెమ్మదిగా కాలితే కాపురం చల్లగా సాగుతుంది. ఒకటి చిటపటలాడి ఎగిరిపడిందా, అతణ్ని నమ్మడానికి లేదు. స్కాట్లండ్ పల్లెల్లోనైతే కళ్లు మూసుకుని తోటలోకి వెళ్లి, చేతికందిన కేల్ అనే ఆకుకూర మొక్కను వేళ్లతో సహా పీకేవారు. కాడ నిటారుగా ఉంటే వచ్చేవాడు అందగాడు, వంకరగా ఉంటే వాడూ అంతే. వేళ్లకు ఎంత మట్టి అంటుకుంటే అంత ఆస్తి. కాడ కొరికి చూస్తే వాడి గుణం తెలిసిపోతుంది!

రాబర్ట్ బర్న్స్ 1786లో అచ్చువేసిన 'హాలోవీన్' కవితలో గింజలు కాల్చడం, కేల్ పీకడం రెండూ ఉన్నాయి. అందులో ఓ చిన్నపిల్ల కాబోయే వరుడి ముఖం చూడటానికి అద్దం ముందు ఆపిల్ తింటానంటే ముసలమ్మ మండిపడుతుంది. అద్దంలో వరుడికి బదులు సైతాను కనిపిస్తే? ఆ భయం ఉత్తుత్తిది కాదు. కార్డు గీసినవాళ్లు ఆ భయాన్ని తీసేసి, అద్దంలో ఎక్కువగా అందగాడినే నిలబెట్టారు. ఈ కార్డుల గొప్పతనం అక్కడే ఉందని నా అభిప్రాయం. పెళ్లి గురించి పైకి అడగలేని ప్రశ్నను అవి ఓ ముచ్చటగా మార్చాయి.

మేలైన కార్డులు చాలావరకు జర్మనీలో అచ్చయ్యేవి. సున్నపురాయి పలక మీద జిడ్డు సిరాతో, కుడిఎడమలు తిరగేసి బొమ్మ గీస్తారు. రాయిని తడిపి నూనె సిరా పూస్తే, జిడ్డున్న చోటే అది పట్టుకుంటుంది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. వెంట్రుకవాసి జరిగినా పెదవి రంగు బుగ్గ మీదికి పాకుతుంది. భూతద్దం పెట్టి చూస్తే బుగ్గ మీది గులాబీ ఛాయ అంతా చేత్తో పెట్టిన చుక్కలే, ఏ రెండూ ఒకేలా ఉండవు. ఆ తర్వాత అచ్చుతో ఒత్తి గుమ్మడికాయనూ పిల్లినీ వేలికి తగిలేలా ఉబ్బెత్తు చేసేవారు. 1894లో రవివర్మ బొంబాయిలో పెట్టిన ప్రెస్సులో జర్మన్ నిపుణులు నడిపించిందీ ఈ రాతి అచ్చు విద్యే. మన ఇళ్లలో గోడకెక్కిన లక్ష్మీ సరస్వతుల పటాలూ అలా వచ్చినవే.

చిత్రకారుల్లో ఎలెన్ క్లాప్‌సాడిల్ పిల్లలను గీసింది. ఆమె కార్డుల్లో కొన్నిటికి కదిలే చెయ్యి ఉంటుంది. కదిలిస్తే గుమ్మడికాయ దీపం ముఖానికి అడ్డుపడుతుంది. నాకు మాత్రం న్యూయార్క్ ప్రచురణకర్త జాన్ విన్ష్ కోసం శామ్యూల్ ష్మకర్ గీసిన స్త్రీలే ఇష్టం. వాళ్ల కళ్లలో బెదురు ఉండదు. ఫలితం కోసం ఎదురుచూడకుండా, ఎవరు కావాలో ముందే తేల్చుకున్నట్టు చూస్తారు.

అమెరికాలో 1907 దాకా కార్డు వెనక చిరునామా తప్ప మరేమీ రాయకూడదు. ఆ ఏడాది మార్చి నుంచి ఎడమ సగం ఉత్తరానికి వదిలారు. దాంతో బొమ్మ వైపు మొత్తం చిత్రకారుడిదయింది. 1914లో యుద్ధం వచ్చి జర్మనీ నుంచి సరుకు ఆగింది. తర్వాతి కాలంలో హాలోవీన్ క్రమంగా పిల్లల పండుగైంది. గింజలు కాల్చి జాతకం చూసుకునే ఆట పెద్దవాళ్ల ఇళ్లలోంచి వెళ్లిపోయింది. ఇప్పుడు విన్ష్ కార్డుల కోసం సేకరణదారులు పోటీపడుతుంటారు. కొనేవాళ్లు వెనకవైపూ చదవాలి. అమ్మాయికి కార్డు పంపినవాడు అక్కడ తరచూ ఊరి కబుర్లే రాసేవాడు. పోస్టుమాన్ నుంచి ఇంట్లోవాళ్ల దాకా అందరూ చదివే కార్డు మరి. అసలు మాట బొమ్మకే అప్పగించేవాడు.