ముంజకాయ బండి పక్కకెందుకు పోతుంది?

ఎండాకాలం నల్లగొండ పల్లెల్లో తాటివనం పక్కన పిల్లల బండ్లు తిరుగుతుంటాయి. ముంజలు తిన్నాక మిగిలిన రెండు తాటి బుర్రలు, వాటిని కలుపుతూ గుచ్చిన పుల్ల, వెనక నుంచి నెట్టడానికి ఓ పంగల కర్ర. అంతే బండి. ఎనిమిదేళ్ల అన్న చేస్తాడు, నాలుగేళ్ల తమ్ముడు వెనక ఉరుకుతాడు. ఎంతో బతిమాలితే కర్ర తమ్ముడి చేతికొస్తుంది. నెడితే బండి తిన్నగా పోదు, ఒక పక్కకే తిరుగుతుంది. కర్ర సర్దుకుని మళ్లీ నెడతాడు, మళ్లీ అటే. అప్పుడు వంగి బుర్రల వంక చూస్తాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ ఒకే పుల్లకు బిగిసి ఉన్నాయి కనుక కలిసే తిరుగుతాయి. ఒక్కో చుట్టుకు పెద్దది ఎక్కువ దూరం పోతుంది, బండి చిన్నదాని వైపు మళ్లుతుంది. ఈ లెక్క వాడికి ఇప్పుడే తెలియనక్కర్లేదు. బుర్ర మార్చి చూద్దామని వాడికి తోచిందా, లేదా? అదీ చూడాల్సింది.

ఆటతో చదువు, అన్వేషణతో చదువు అని శిక్షణ తరగతుల్లో చెప్పేదంతా ఈ బండి దగ్గర ఉంది. లేనిదల్లా పక్కన నిలబడి "ఎందుకట్ల పోతుందిరా?" అని అడిగి, జవాబు తాను చెప్పకుండా ఊరుకునే పెద్దమనిషి. మన పూర్వ ప్రాథమిక విద్యలో అసలు కొరత ఆ మనిషిదే అని నాకనిపిస్తుంది. ఆటవస్తువులు లేవన్న ఫిర్యాదు తర్వాతి మాట.

ఈ ఆలోచన మనకు కొత్తేమీ కాదు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో చిన్న పిల్లల బడి తెరిచి, చెక్క దిమ్మెలు, బంతులు వాళ్ల చేతికిచ్చాడు. కిండర్‌గార్టెన్ అన్న పేరు ఆయన పెట్టిందే. మన దేశంలో వకీలు వృత్తి వదిలేసిన గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం మొదలుపెట్టారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామానికి వెళ్లారు. అక్కడి ఆదివాసీ పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకుపోయారు. ఆ వాకిటి బడే అంగన్‌వాడీకి మూలం. 1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలయ్యాక ఆ పేరు దేశమంతటికీ పాకింది. ఇవాళ తెలంగాణలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో చాలామంది పిల్లలకు తొలి బడి అదే. అయితే ఊళ్లో అడిగితే దాన్ని బడి అనరు, గుడ్లిచ్చే చోటు అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

ఇక పద్ధతి విషయానికి వద్దాం. ఒక వెడల్పాటి తొట్టి, దాన్నిండా నీళ్లు. పక్కన చింతగింజ, గులకరాయి, ఎండిన వేపపుల్ల, ఇనుప మేకు, ఎండు సొరబుర్ర, స్టీలు గిన్నె. టీచర్ ఒక్కటీ నీళ్లలో వేయదు. ముందు అడుగుతుంది: "ఇది ఏస్తే ఏమైతది?" పిల్లలు మునిగేవి ఒక కుప్ప, తేలేవి ఒక కుప్ప పెడతారు. అంచనా అన్నమాట. వేసి చూసేది ఆ తర్వాతే. ఈ వరుస తప్పితే తొట్టిలో మిగిలేది నీళ్లాట ఒక్కటే.

చింతగింజ మునిగింది. "ఎందుకు మునిగిందంటవ్?"

"బరువుంది గద టీచర్."

మంచి జవాబే. "మరి సొరబుర్ర చింతగింజ కంటే బరువు గదా?"

ఇక్కడ ఊరుకోవాలి. ఇదే కష్టం. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల్ని గమనించి 1974లో ఒక సంగతి రాసింది: ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారట. మూడు సెకన్లకు పైగా ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడతారు. చెప్పుకోవడానికి మూడు సెకన్లే. ఇరవై మంది పిల్లల ముందు నిలబడితే అది తెగని సేపు. అంతలో ఎవరో గోచీ తడుపుకుంటారు, ఇంకెవరో గిచ్చారని ఏడుస్తారు. అయినా ఆగిన టీచర్‌కు దొరికే జవాబులు వేరు. బావిలో ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు కట్టే బెండ్ల గురించి ఎవరో ఎత్తుతారు. సొరబుర్ర లోపల ఖాళీ అని ఇంకొకరంటారు. గిన్నె తేలిందెందుకంటే "దానికి గోడలున్నయి" అంటుంది ఒక పిల్ల. ఆ మాటలో పడవ తేలే రహస్యం సగం ఉంది. సాంద్రత అన్న పదం ఇప్పుడు తెస్తే ఈ మాట చచ్చిపోతుంది. టీచర్ చేయాల్సింది మర్నాడు అదే గిన్నెను తేలవేసి "ఎన్ని చింతగింజలేస్తే మునుగుతది?" అని అడగడం. అంకెలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. పదహారు దాకా లెక్కపెట్టలేనివాడు కూడా గిన్నె మునిగేదాకా వదలడు.

గింజలతో ఓ జాగ్రత్త చెప్పాలి. మూడేళ్లలోపు పిల్లలున్న గదిలో చింతగింజలు పెట్టకూడదు. ముక్కులోకో గొంతులోకో పోతాయి. నీళ్ల తొట్టి దగ్గర పెద్దవాళ్లు లేకుండా పిల్లలు ఒక్క క్షణమూ ఉండకూడదు.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ముచ్చట. ఫ్లోరైడ్ నీళ్లతో నల్లగొండ పడిన బాధ అందరికీ తెలిసిందే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. నీటి శుద్ధి పుస్తకాల్లో దాని పేరు 'నల్లగొండ టెక్నిక్'. ఆ జిల్లా అంగన్‌వాడీలో టీచర్ రెండు గాజు సీసాల్లో ఎర్రమట్టి నీళ్లు పోసి, ఒకదాంట్లో చిటికెడు పటిక పొడి వేసి, రెండూ కిటికీలో పెట్టి "రేపటికి ఎట్లుంటయో చెప్పుండ్రి" అంటే అంతకన్నా ఊరికి దగ్గరైన పాఠం ఏముంటుంది? ఫ్లోరైడ్ సంగతి పెద్ద తరగతుల్లో చూసుకోవచ్చు. ఇప్పటికి తేరుకున్న సీసా, మురికి సీసా పక్కపక్కన కనిపిస్తే చాలు. తాగేది మాత్రం ఈ నీళ్లు కాదని గట్టిగా చెప్పాలి.

వస్తువులు కొనాలన్న ఆరాటం గురించి నాకు కొంచెం అనుమానం ఉంది. మాంటిస్సోరి బడుల్లో గులాబీ బురుజు అని ఒకటుంటుంది. పది ఘనాలు, సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా; పెద్దది కింద, చిన్నది పైన పేర్చాలి. పిల్లలు తప్పు పేరిస్తే ఎవరూ చెప్పక్కర్లేదు, కంటికే తెలుస్తుంది. 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయిన మరియా మాంటిస్సోరి ఆలోచన అది, గొప్ప ఆలోచన. ఐతే బతుకమ్మకు ముందు భాద్రపదంలో మన ఆడపిల్లలు పెట్టే బొడ్డెమ్మను ఒకసారి గమనించండి. పీట మీద పుట్టమన్నుతో అంతస్తులు: అడుగున వెడల్పుది, దాని మీద కొంచెం చిన్నది, ఆపైన ఇంకా చిన్నది. మట్టి తడి ఎక్కువైతే అంచు జారుతుంది, తక్కువైతే పగులుతుంది. పై అంతస్తు పెద్దదైతే కిందిది కుంగుతుంది. తప్పు తనంతట తానే బయటపడే గుణం ఇక్కడా ఉంది, పైగా మట్టి పిసికిన వేళ్లకు బలమొస్తుంది. పలక మీద 'అ' దిద్దడానికి కావలసింది ఆ వేళ్ల బలమే. తర్వాత బతుకమ్మ పూలు: తంగేడు, గునుగు, బంతి వేరుచేయడం, వరుస మార్చి వరుస పేర్చడం. రంగుల వరుసలో తర్వాత ఏ పూవు రావాలో చెప్పగలిగిన పిల్లకు గణితంలో క్రమం అన్నది సగం పట్టుబడినట్టే. వామనగుంటల పీట కూడా అంతే. ఏడేసి గుంటలు రెండు వరుసలు, గుంటకో గింజ. ఆట నియమాలు నాలుగేళ్లవాడికి ఎక్కవు, గుంటకొకటి వదలడం మాత్రం ఎక్కుతుంది. ఒకటికి ఒకటి అన్న సంబంధం తెలియకుండా నోటితో వంద అంకెలు చెప్పినా దండగే.

రోజూ వచ్చే గుడ్డును కూడా వదలొద్దు. ఉడికిన గుడ్డు, పచ్చి గుడ్డు బల్ల మీద తిప్పితే ఒకటి గిర్రున తిరుగుతుంది, ఇంకోటి తూగుతుంది. ఏది ఏదో పగలగొట్టకుండా చెప్పాలి. అంగన్‌వాడీకి ఇంతకన్నా చవకైన ప్రయోగం లేదు.

ఇల్లు ఇల్లు ఆటకు మాత్రం ప్రశ్నలు తక్కువ, వినడం ఎక్కువ. పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు కూలీకి పోవడం తరాల కథ. అమ్మానాన్న వలస పోతే పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు, లేదా వాళ్లతోపాటే అడ్డా మీదికి పోతారు. అలాంటి ఊళ్లో పిల్లల ఇంటి ఆటలో బస్సు రాకుండా ఉండదు. మూట కట్టేదెవరు, ఉండిపోయేదెవరు, ఫోన్ చేసేదెవరు అని పాత్రలు పంచుకుంటుంటే టీచర్ మధ్యలో దూరి "బస్సు ఏ రంగు?" అని పాఠం మొదలెట్టకూడదు. ఆడనివ్వాలి. మాట్లాడుకుని, ఒప్పించుకుని, కథ నడిపించే శక్తి అక్కడే పెరుగుతుంది.

దేవరకొండ వైపు తండాల్లో మరో చిక్కు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లను తెలుగులో "ఎందుకు మునిగింది?" అని అడిగితే మౌనంగా ఉంటుంది. తెలివి లేక కాదు, ఊహ చెప్పడానికి ఆ భాష ఇంకా చాలదు. టీచర్ తండా మనిషే అయితే అదృష్టం. వేలకు వేలు ఫీజు తీసుకునే ప్లేస్కూళ్లకు ఈ వెసులుబాటు లేదని గుర్తుపెట్టుకోవాలి.

ఇంత చెప్పాక తల్లిదండ్రుల మాట వినకపోతే అన్యాయం. "మా పోరడు ఆడుకొని వస్తుండు, చదువేం వస్తలేదు" అంటారు. పక్కింటి పిల్ల పసుపు రంగు వ్యాన్ ఎక్కి వెళ్లి ఏబీసీడీలు అప్పజెపుతుంటే గుబులు పుట్టదా? వాళ్లది మూర్ఖత్వం అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఒకటో తరగతిలో ఇంగ్లిష్ మీడియం పుస్తకం ఎదురొస్తుందని వాళ్లకు తెలుసు. ఆరేళ్లలోపే మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానం రాసింది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం, 2024లో అంగన్‌వాడీలకిచ్చిన 'ఆధారశిల' పాఠ్యప్రణాళిక ఆటకే పెద్దపీట వేశాయి. ఆ కాగితాలు చూసి ఏ తల్లీ పిల్లను పంపదు. ఆమెకు కనబడేది కావాలి. ఇటలీలో రెజ్జియో ఎమీలియా ఊళ్లో రెండో ప్రపంచ యుద్ధం కాగానే తల్లిదండ్రులు సైన్యం వదిలేసిన ట్యాంకు అమ్మి బడి కట్టుకున్నారు. అక్కడి బడుల్లో పిల్లల మాటల్ని అన్నది అన్నట్టు రాసి గోడకు పెడతారు. "దానికి గోడలున్నయి" అన్న మాటను పిల్ల పేరుతో, తేదీతో ఒక అట్ట మీద రాసి గడప దగ్గర వేలాడదీస్తే, బిడ్డను తీసుకుపోవడానికొచ్చిన తల్లి అది ఎవరితోనైనా చదివించుకుంటుంది. ఖర్చు ఒక స్కెచ్ పెన్ను.

కానీ ఆ అట్ట ఎవరు రాయాలి? టీచర్ చేతిలో రిజిస్టర్లు, 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్, తూకాలు, సర్వేలు, ఎన్నికల పని. ఆయా వంట దగ్గర. తొట్టిలో నీళ్లు నింపి మూడు సెకన్లు ఆగమని చెప్పడం తేలికే. ఆ మూడు సెకన్లను ఆమె రోజులోంచి కోసేసింది మనమే. 2025-26 నుంచి కొన్ని ప్రభుత్వ బడుల్లోనూ ప్రీ ప్రైమరీ తరగతులు మొదలయ్యాయి. అక్కడ బెంచీలు వేస్తారా, నేల వదిలేస్తారా అన్నది ముందు చూడాల్సిన సంగతి. బెంచీలు వేస్తే నీళ్ల తొట్టికి చోటుండదు.