మదనపల్లెలో కుదిరిన వరస

ఊరంతా ఒక్క గొంతుతో పాడవలసిన పాటకు మంచి సాహిత్యం ఎంత అవసరమో స్థిరపడిన వరస అంతకన్నా అవసరమనీ, ఆ వరసను శ్రుతి, కాలప్రమాణం తప్పకుండా పదిమంది నోట పలికించగల మనిషి మరీ అవసరమనీ చెప్పడానికి భారత జాతీయగీత చరిత్రను మించిన నిదర్శనం లేదు. ఆ చరిత్రలో ఒక ప్రధాన ఘట్టం జరిగింది రాయలసీమలోనే. 1911 దాకా కడప జిల్లాలో భాగంగా ఉండి, ఆ యేడు ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరిన మదనపల్లె దానికి వేదిక అయింది. రవీంద్రనాథ ఠాగూరు ‘జనగణమన’ కలకత్తా కాంగ్రెస్ మహాసభలో మొదటిసారి వినిపించినది కూడా ఆ 1911లోనే, డిసెంబరు 27న.

అయితే మహాసభలో వినిపించినంత మాత్రాన పాట దేశమంతటి నోటికీ ఎక్కదు. 1919 ఫిబ్రవరిలో ఠాగూరు దక్షిణదేశ యాత్రలో భాగంగా మదనపల్లెకు వచ్చి, అనీబిసెంట్ ఆశయాలతో 1915లో వెలసిన దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్లు విడిది చేశాడు. అక్కడి ప్రధానాచార్యుడు జేమ్స్ కజిన్స్ ఐరిష్ కవి. విద్యార్థులూ అధ్యాపకులూ కూడి పాటలు పాడుకొనే ఒక సాయంకాలం ఠాగూరు ఈ గీతాన్ని పాడి వినిపించగా, ప్రాంతాల పేర్లూ కొండల నదుల పేర్లూ వరసగా వచ్చే ఆ పాటలోని జయకారం సభను ఎలా ఆకట్టుకొన్నదో, మళ్లీ మళ్లీ పాడించుకొని చివరకు అందరూ ఎలా గొంతు కలిపారో కజిన్స్ తరువాత రాసుకొన్నాడు. ఠాగూరు ఈ గీతానికి తానే చేసిన ఆంగ్లానువాదపు రాతప్రతి మీద 1919 ఫిబ్రవరి 28 అన్న తేదీ ఉన్నది. అనువాదం సరే, పాట నిలబడడానికి అంతకన్నా అక్కరకు వచ్చిన పని ప్రధానాచార్యుని భార్య మార్గరెట్ కజిన్స్ చేసింది: ఆమె కవి దగ్గర అర్థం అడిగి తెలుసుకొంటూ, ఏ అక్షరం ఎంతసేపు నిలవాలో, నడక ఎంత వేగంగా ఉండాలో సరిచూసుకొంటూ ఆ వరసను పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించింది. కళాశాల దానిని ప్రార్థనాగీతంగా స్వీకరించింది.

మార్గరెట్ (1878–1954) ఊరికే పాటలు పాడే దొరసాని కాదు. ఐర్లండు రాయల్ విశ్వవిద్యాలయంలో సంగీతంలో పట్టా పొందిన పియానో విద్వాంసురాలు. స్త్రీల ఓటుహక్కు పోరాటంలో లండనులోనూ ఐర్లండులోనూ జైలు చూసి వచ్చిన మనిషి. 1917లో అడయారులో భారత మహిళా సంఘం స్థాపించిన వారిలో ఒకతె. ఆ తరువాత మేజిస్ట్రేటుగా పనిచేసింది, అఖిల భారత మహిళా సభకు పునాది వేసింది, 1932లో వేలూరు జైలుకూ వెళ్లింది, ప్రాచ్య పాశ్చాత్య సంగీతాల మీద 1935లో ఒక గ్రంథం వెలువరించింది. ఇన్ని రంగాలలో తిరిగినందువల్లనే కాబోలు, శిక్షణ లేని గొంతులు ఎంతవరకు పలకగలవో, ఎక్కడ తడబడతాయో ఆమెకు బాగా తెలిసినట్లు కనిపిస్తుంది.

ఇక ఆ వరస నిర్మాణం చూడాలి. కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఇది శంకరాభరణానికి, హిందుస్తానీ వారికి బిలావలుకు దగ్గరగా వినిపిస్తుంది. పాట ఎత్తుగడలో షడ్జ రిషభాలను తాకి వెంటనే అంతర గాంధారం మీద వరసగా నిలుస్తుంది. అంటే పాడేవాడు తొలి మాటల్లోనే ఒక స్వరం పట్టుకొని పక్కవాడి గొంతుతో తన గొంతు సరిచూసుకొనే వీలు దొరుకుతుంది. ప్రాంతాల పేర్లు వచ్చే పంక్తిలో ఈ కుదురు పంచమం మీదికి మారుతుంది, అక్కడక్కడ ప్రతి మధ్యమం తళుక్కుమని తాకి పోతుంది. శంకరాభరణంలో లేని ఈ అన్యస్వరమే పిల్లలు తరచుగా జారవిడిచే చోటు. దిగువ నిషాదం మొదలు తారస్థాయి షడ్జం దాకా, ఒక స్థాయికి కొంచెం మించిన పరిధిలోనే పాట అంతా సాగుతుంది గనుక సరైన శ్రుతిలో ఎత్తుకొంటే మామూలు గొంతు ఎక్కడా చీలదు. జయకారం మూడు మార్లు వచ్చినప్పుడు ప్రతిసారీ ఒక్కొక్క మెట్టు దిగి, నాలుగోసారి కింది షడ్జం నుంచి మళ్లీ పైకి ఎక్కి శుద్ధ మధ్యమం దగ్గర ఆగుతుంది. పాట షడ్జం మీద ముగియకపోవడం మన చెవికి వింతగా తోచాలి, కాని అయిదు చరణాల గీతంలో ఇది మొదటి చరణం మాత్రమే. తరువాతి చరణం ఎత్తుకొనేందుకు తలుపు తెరిచి ఉంచిన ఆ ఆగుదలే జాతీయగీతానికి ముగింపుగా స్థిరపడింది.

స్వరలిపిలో పెట్టడం వల్ల పోయినదేమిటన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. అయిదు గీతల లిపి స్వరస్థానాన్నీ నిడివినీ కచ్చితంగా చూపగలదే గాని, స్వరాన్ని ఊపి పలికే గమకాన్ని పట్టలేదు. ఒక విద్వాంసుడు కచేరిలో పాడదలిస్తే ఇది లోపమే. వెయ్యిమంది పాడదలిస్తే మాత్రం ఇదే గుణం, ఎందుకంటే వెయ్యిమంది గమకాలు ఎన్నటికీ ఒకచోట కలవవు.

పెన్నా కుందూ పరిసరాల్లోని దువ్వూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పల్లెలకు పదిమంది గొంతులను ఒక్క వరసలో కలపాలన్న ఈ సూత్రం కొత్తది కాదు. చెక్కభజన గురువు చేసే పని అచ్చంగా ఇదే. రాయలసీమ పల్లెల్లో ఎండాకాలం, సేద్యపు పనులు సడలినప్పుడు, రామాలయం ముందు గురువు పాట ఎత్తుకొంటాడు. కట్టుగా నిలిచిన బృందం దానిని తిరిగి అందుకొంటుంది. చేతిలోని చెక్కలకు అమర్చిన ఇత్తడి బిళ్లలు తాళానికి గలగలమంటూ, కాళ్ల గజ్జెలు దెబ్బదెబ్బకూ లెక్క చూపిస్తాయి. గురువు ఒక్కడే గాయకుడు, తాళగాడు, అడుగులు నేర్పే నట్టువుడు, వేగం పెంచే సైగ ఇచ్చేవాడు, అడుగు తప్పినవాణ్ణి కంటితోనే దారికి తెచ్చేవాడు. నగరాల్లో వాద్యబృందం ముందు కర్ర పట్టుకొని నిలబడే సంచాలకునికి ఉన్న గౌరవంలో పదో వంతు కూడా ఇతనికి దక్కలేదు. దీనికి కారణం విద్య తక్కువ కావడం కాదు, ఆ విద్యను కాగితం మీద పెట్టినవారు లేకపోవడం.

కాగితం మీద ఉన్నందువల్లనే జనగణమన సముద్రాలు దాటగలిగింది. 1942 సెప్టెంబరు 11న సుభాస్ చంద్రబోసు సమక్షంలో హాంబర్గు వాద్యబృందం దానిని వాయించింది. 1947లో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సభలు జరిగినప్పుడు అక్కడి వాద్యబృందం వాయించిన తీరు పలు దేశాల ప్రతినిధులకు నచ్చిందని నెహ్రూ మరుసటి యేడు రాజ్యాంగసభకు తెలిపాడు. ఏది జాతీయగీతం కావాలన్న చర్చలో వందేమాతరం వరస వాద్యబృందానికి అంతగా ఒదగదన్న ఆయన వాదాన్ని మాస్టర్ కృష్ణారావు ఫులంబ్రీకర్ వంటి విద్వాంసులు ఒప్పుకోక బ్యాండు వరసలు కట్టి చూపారు. ఆ వాదంలో వారి పక్షాన కూడా బలం ఉన్నది. చివరకు 1950 జనవరి 24న రాజ్యాంగసభ జనగణమనను జాతీయగీతంగా ప్రకటించి, వందేమాతరానికి సమాన గౌరవం ఇచ్చింది. ఆంగ్ల స్వరకర్త హెర్బర్ట్ మరిల్ జనగణమనకు పూర్తి వాద్యబృంద రూపం కూర్చాడు.

ప్రభుత్వం నిర్ణయించిన నిడివి సుమారు 52 సెకన్లు. ఈ లెక్క ఉత్త లాంఛనం కాదు. పాట సాగదీస్తే మధ్యలో ఊపిరి తెగి గొంతులు విడిపోతాయి, తొందరపెడితే నిషాదమూ ప్రతి మధ్యమమూ పలకకుండా జారిపోతాయి. ఆగస్టు 15న మైకులో రికార్డు పెట్టి పిల్లలను పెదవులు కదపమనే అలవాటు బడుల్లో పెరుగుతున్నది, అది పాటకు మర్యాద కాదు. దువ్వూరు మండలంలో గానీ పులివెందుల వైపు గానీ భజన గురువు ఉన్న ఏ ఊరిలోనైనా ప్రధానోపాధ్యాయులు వేసవి సెలవుల్లో అతణ్ణి బడికి పిలిచి, ఒక హార్మోనియం శ్రుతి ఇచ్చి, పిల్లలకు ఈ వరసను స్వరస్థానాలతో సహా నేర్పమని అడగాలి; అందుకు తగిన గౌరవ వేతనం కూడా ఇవ్వాలి.