పక్కన కూర్చునే పాఠం

తరగతి గదిలో విద్యార్థుల ముఖాలు చూస్తే చాలు, పాఠం ఎక్కడ తలకెక్కలేదో అధ్యాపకుడికి తెలిసిపోతుంది. అక్కడ ఆగి మళ్లీ చెబుతాడు. దూరవిద్యకు పాఠం రాసేవారికి ఆ ముఖం కనబడదు. పగలంతా పని చేసుకుని రాత్రి పుస్తకం తెరిచే మనిషికి సందేహం ఎక్కడ వస్తుందో ముందే పసిగట్టి రాయాలి. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు పాఠ్యపుస్తకాల్లో నన్ను ఆకట్టుకునేది ఆ పనితనమే.

1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైన ఈ సంస్థ దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. దీని తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ (ఇగ్నో) తొలి ఉపకులపతి ఆయనే. ఇంటర్ చదవని వారికీ అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించారు. బడి మానేసి ఏళ్లు గడిచినవాళ్లు చదవాల్సిన పుస్తకం కాబట్టి, దాని అల్లికే వేరుగా ఉండాల్సి వచ్చింది.

ఒక పాఠం తెరిచి చూడండి. చదవడం పూర్తయ్యాక మీకు ఏం తెలియాలో మొదటే చెబుతుంది. తరువాత విషయం అంకెలు వేసిన చిన్న చిన్న భాగాలుగా సాగుతుంది. అరగంట తీరిక దొరికినా ఒక భాగం ముగించి లేవచ్చు. రెండు మూడు భాగాలయ్యాక ఒక ప్రశ్న ఎదురై, ఇంతవరకు చదివింది అర్థమైందో లేదో సరిచూసుకోమంటుంది. జవాబు పాఠం చివర ఉంటుంది. అక్కడే సారాంశం, నమూనా ప్రశ్నలు, ఇంకా చదవదగిన పుస్తకాల జాబితా కూడా ఉంటాయి.

ఈ అమరికలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది నడిమధ్యన వచ్చే ఆ ప్రశ్న. తరగతిలో మాస్టారు పాఠం ఆపి, “ఏం, అర్థమైందా?” అని అడిగే క్షణాన్ని అచ్చులోకి తెచ్చారు. అప్పటికీ తీరని సందేహాలకు అధ్యయన కేంద్రాల్లో తరగతులున్నాయి.

ఇప్పుడు వీడియో పాఠాలు ఫోన్‌లోకే వస్తున్నాయి. వాటిలోనూ మంచి పాఠానికి గుర్తు అదే: మధ్యలో ఆగి మనల్ని అడగాలి.

దూరవిద్యలో చేరే విద్యార్థులకు ఒక్క మాట. చేరేముందు ఆ కోర్సుకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. చేరాక, పాఠం మధ్యలో వచ్చే ప్రశ్నలను దాటేసి పోకండి. చివరి పేజీ తిప్పకముందే పెన్సిల్ తీసి మీ జవాబు మీరు రాయండి.