పెంకును అరగదీసే చేతులు

పెదవేగి దిబ్బల మీద కుండపెంకు కనబడితే మనం దాటిపోతాం. దాన్నే సన్నగా కోసి, గాజుపలకకు అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీసే పనివాళ్లున్నారు. ఆ పలుచదనంలో వెలుతురు దూరుతుంది. సూక్ష్మదర్శిని కింద ఇసుక రేణువులు, కుమ్మరి కలిపిన ఊక కాలిపోయిన ఖాళీలు బయటపడతాయి. ఏ రాతి నేల మట్టో ఆ రేణువులే చెబుతాయి. ఎంత ఓపిక! ఒక్క రాపిడి ఎక్కువైతే ముక్కే మిగలదు.

అమరావతి, శాలిహుండంలలో దొరికిన నొక్కుడు చుక్కల వలయాల పళ్లేలనే తీసుకోండి. అలాంటివే దొరికిన పుదుచ్చేరి దగ్గరి అరికమేడును 1945లో తవ్విన పురావస్తు శాస్త్రవేత్త వీలర్ ఆ తీరు మధ్యధరా ప్రాంతానిదన్నాడు. 1997లో పరిశోధకుడు వి.డి. గోగ్టే మరో దారిలో, ఎక్స్‌రేలతో మట్టి ఖనిజాలు పరీక్షించి, బెంగాల్‌లోని చంద్రకేతుగఢ్, తామ్లుక్ ప్రాంతం వైపు చూపించారు. రోమ్ పేరు చెబితేనే గొప్పనుకునే మనకు అది మంచి మాట.

కొల్లేటి పెంకులకైతే పని ఇంకా కష్టం. కొల్లేరు గోదావరి, కృష్ణ డెల్టాల నడుమ పల్లం. తమ్మిలేరు, బుడమేరు వండ్రు కూడా అక్కడికే చేరుతుంది కనుక ఏ రేణువు ఎక్కడిదో విడదీయడం తేలిక కాదు. అందుకే పోలికకు ముందుగా కావలసింది ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల కుమ్మరులు ఇవాళ ఏ చెరువు మట్టి తవ్వుతున్నారో ఆ మట్టి ముద్దలే.